పాయింట్లు కొన్నే... పంచడం నేర్వాలి!

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ఎకనామిక్స్



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే మనలో చాలామంది క్రమశిక్షణ మీదో, సమయపాలన మీదో, కష్టే ఫలి అనో రాస్తాం. అవి ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి. నేను ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాను. వార్డెన్ గారు పేజీ తిప్పేయకుండా చివరిదాకా చదవాలని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. "అన్నిట్లోనూ సమానంగా ఉండాలిరా" అనే సలహా తప్పు. "ఒక్కదాని మీదే పడు, మిగతావి వదిలెయ్" అనే సలహా కూడా తప్పే. ఈ రెండు సలహాలూ మనకు రోజూ ఎవరో ఒకరు ఉచితంగా ఇస్తూనే ఉంటారు. ఇవి ఎందుకు తప్పో రాగ్నరాక్ ఆన్‌లైన్ అనే ఆట లెక్కలతో సహా చూపిస్తుంది.

ఆరు గుణాలు, 48 పాయింట్లు

రాగ్నరాక్ ఆన్‌లైన్ దక్షిణ కొరియాలోని గ్రావిటీ కంపెనీ 2002లో విడుదల చేసిన ఆట. లీ మ్యుంగ్-జిన్ అనే కొరియా చిత్రకారుడి బొమ్మల కథ దీనికి ఆధారం. 2000ల దశకంలో మన దేశానికి కూడా విడిగా ఒక సర్వర్ కొంతకాలం నడిచి ఆగిపోయింది. వేలమంది ఒకే లోకంలోకి వచ్చి, తలా ఒక పాత్ర ఎంచుకుని, రాక్షసుల్ని కొట్టి లెవెల్ పెంచుకుంటారు. 2010 ప్రాంతంలో రెన్యువల్ పేరుతో ఆట లెక్కలు చాలా మారాయి. నేను ఇక్కడ చెప్పేవన్నీ అంతకు ముందున్న పాత లెక్కలు. పాత ఆటగాళ్ళు ఇప్పటికీ వీటినే ఇష్టపడతారు.

ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. స్ట్రెంగ్త్ అంటే బలం. ఎజిలిటీ అంటే చురుకుదనం, దెబ్బ తప్పించుకోవడానికీ వేగంగా కొట్టడానికీ పనికొస్తుంది. వైటాలిటీ అంటే ఒంట్లో గట్టిదనం, ఒక్కో పాయింటుకు ప్రాణశక్తి ఒక శాతం చొప్పున పెరుగుతుంది. ఇంటెలిజెన్స్ అంటే తెలివి, మంత్రాలు వేసేవాళ్ళకు ప్రాణం. డెక్స్‌టరిటీ అంటే గురి. లక్ అంటే అదృష్టం.

పాత్ర పుట్టినప్పుడు ఆరు గుణాలూ ఐదేసి ఉంటాయి. వాటిని ఎదురెదురు జంటలుగా పెట్టారు. బలం పెంచితే తెలివి తగ్గుతుంది, చురుకుదనం పెంచితే అదృష్టం తగ్గుతుంది, గట్టిదనం పెంచితే గురి తగ్గుతుంది. ఒకటి తొమ్మిది కావాలంటే దానికి ఎదురున్నది ఒకటికి పడిపోవాలి. ఎలా పెట్టుకున్నా దాని విలువ 48 పాయింట్లే. ఏదీ వదులుకోకుండా ఏదీ రాదని ఆట మొదటి నిమిషంలోనే చెప్పేస్తుంది.

ధర పెరుగుతూ పోతుంది

తర్వాత లెవెల్ పెరిగిన కొద్దీ పాయింట్లు వస్తాయి. మొదట్లో లెవెల్‌కు 3, అక్కడి నుంచి పెరుగుతూ చివరి లెవెల్‌కు 22. 99వ లెవెల్ చేరేసరికి మొదటి 48తో కలిపి మొత్తం 1273 పాయింట్లు. మొదటి జన్మలో అంతకు మించి ఎవరికీ రావు.

అసలు మెలిక ధరలో ఉంది. ఒక గుణం కింది మెట్లలో ఉన్నప్పుడు ఒక్క మెట్టు ఎక్కడానికి 2 పాయింట్లు చాలు. పది మెట్లు దాటితే 3, ఇంకో పది దాటితే 4. అలా పెరిగి పెరిగి 90 దాటాక ఒక్కో మెట్టుకు 11 పాయింట్లు పోయాలి. ఒక గుణాన్ని 1 నుంచి 99కి తీసుకుపోవడానికి మొత్తం 628 పాయింట్లు ఖర్చవుతాయి. రెండు గుణాలను 99 చేస్తే 1256 అయిపోయి చేతిలో 17 మిగులుతాయి. ఆ 17తో మూడో గుణాన్ని 9 దాకా తేగలం. మిగిలిన మూడూ 1 దగ్గరే ఉండిపోతాయి.

ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఉపాంత వ్యయం పెరుగుతోంది, ఉపాంత ప్రయోజనం తగ్గుతోంది. సమోపాంత ప్రయోజన సూత్రం అని పరీక్షకు బట్టీ పట్టి రాసేది ఇదే. ఆఖరి రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ ప్రయోజనమో అక్కడ పెట్టాలి, అన్ని చోట్లా ఆఖరి రూపాయి ప్రయోజనం సమానమయ్యేదాకా అలా మారుస్తూ పోవాలి. పుస్తకంలో నారింజ పండ్లు, ఆపిల్ పండ్లతో చెబితే తలకెక్కని పిల్లవాడికి ఈ ఆటతో చెబితే పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ముగ్గురు వీరుల కథ

ఇప్పుడు ముగ్గురు కత్తి వీరుల్ని తీసుకుందాం. ముగ్గురూ 99వ లెవెల్ వాళ్ళే. ముగ్గురి దగ్గరా అవే 1273 పాయింట్లు.

మొదటివాడు సమానత్వవాది. ఆరు గుణాలకూ సమానంగా పంచాడు. ఒక్కోటి 52 దగ్గర ఆగింది. రెండోవాడు పంతంగలవాడు. బలం 99, చురుకుదనం 99 చేసి, మిగిలింది గురిలో పెడితే అది 9 అయ్యింది. మూడోవాడు లెక్క చూసుకున్నవాడు. బలం 90 దగ్గర, చురుకుదనం 90 దగ్గర ఆపాడు. అలా మిగిల్చిన వాటితో గురి 50, గట్టిదనం 10 చేసుకున్నాడు.

ఆటలో దాడి బలం లెక్క ఇలా ఉంటుంది: బలం ఎంతో అంత. దానికి తోడు బలంలోని పదుల అంకెను దానితోనే గుణిస్తే వచ్చేది. ఆపైన గురిలో ఐదో వంతు, అదృష్టంలో ఐదో వంతు. ఆయుధాన్ని పక్కన పెట్టి కాగితం మీద వేసి చూడండి. మొదటివాడికి 97 వస్తుంది. రెండోవాడికి 99, 81, 1 కలిపి 181. మూడోవాడికి 90, 81, 10 కలిపి అదీ 181!

అంటే 90 నుంచి 99కి ఎక్కడానికి రెండోవాడు పోసిన 98 పాయింట్ల వల్ల వచ్చిన బలాన్ని మూడోవాడు గురి పెంచుకోవడం ద్వారా తెచ్చేసుకున్నాడు. పైగా కొట్టిన దెబ్బ తగలడానికి లెవెల్, గురి కలిపి చూస్తారు. అది రెండోవాడికి 108, మూడోవాడికి 149. ఎంత బలంగా కొట్టినా గాలిలో కొడితే ఏం లాభం? రెండోవాడికి మిగిలిన లాభం తొమ్మిది మెట్ల చురుకుదనం మాత్రమే. ఇక మొదటివాడి సంగతి. ముగ్గురిలో ఎవరినీ నొప్పించని మంచివాడు వాడే, కానీ వాడి దాడి బలం మిగతా ఇద్దరిలో సగం కంటే కొంచెమే ఎక్కువ.

మెట్టు ఎక్కడుందో చూసుకోవాలి

పై లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. పదుల అంకె మారినప్పుడే పెద్ద లాభం. బలం 79 నుంచి 80 అయితే దాడి బలం ఒక్కసారిగా 16 పెరుగుతుంది. 80 నుంచి 81 అయితే పెరిగేది 1. ఖర్చు మాత్రం రెండింటికీ ఒకటే. మంత్రాలు వేసేవాళ్ళ తెలివికి కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి, వాళ్ళకు ఐదుల లెక్క, ఏడుల లెక్క. కాబట్టి 79లో ఆగిపోయినవాడు నష్టపోతాడు, 84లో ఆగినవాడు ఆ నాలుగు మెట్ల పాయింట్లూ దాదాపు వృథా చేసుకుంటాడు. వృత్తి వల్లా, వస్తువుల వల్లా అదనంగా వచ్చేది కూడా ఈ మొత్తంలో కలుస్తుంది. దాన్ని కలుపుకుని లెక్క వేసుకోవాలి.

కొన్ని గుణాల మెట్టు చాలా దూరంలో ఉంటుంది. మంత్రగాడి గురి అన్నీ కలిపి 150 చేరితే మంత్రం వేయడానికి పట్టే సమయం సున్నా అవుతుంది. 75 దగ్గర సగమవుతుంది. 10 సెకన్ల మంత్రం 5 సెకన్లకు వస్తుంది. అందుకే మంత్రగాడు తెలివి ఒక్కటే పెంచుకుని కూర్చుంటే, వాడు నోరు తెరిచి మంత్రం పూర్తిచేసే లోపల రాక్షసుడు వచ్చి మీద పడతాడు.

ఎదుటివాడు ఎవరన్నదీ ముఖ్యమే. చురుకుదనం నమ్ముకున్నవాడు ఒంటరి రాక్షసుడి దెబ్బల్ని తప్పించుకుంటూ గంటలకొద్దీ నిలబడగలడు. కానీ ఒకేసారి ఇద్దరికి మించి మీద పడితే, ఆపైన వచ్చే ఒక్కొక్కడికీ తప్పించుకునే శక్తి పది శాతం చొప్పున తరుగుతుంది. కోటల కోసం గిల్డులు కొట్టుకునే యుద్ధంలో వీడు త్వరగా పడిపోతాడు. అక్కడ గట్టిదనం ఉన్నవాడే నిలబడతాడు. కాబట్టి "ఏ గుణం మంచిది?" అని అడగడమే తప్పు ప్రశ్న. నువ్వు ఏ పని చేయబోతున్నావు, ఎవరితో తలపడబోతున్నావు అన్నది ముందు తేల్చుకోవాలి. పాయింట్ల సంగతి ఆ తర్వాత.

ఇక మన సంగతి

ఇదంతా హాస్టల్ పత్రికలో ఎందుకని అడుగుతారు. మన దగ్గర కూడా పంచుకోవడానికి కొన్నే పాయింట్లు ఉన్నాయి కాబట్టి. మన పాయింట్లు సాయంత్రం స్టడీ అవర్, తెల్లవారుజామున దొరికే ఒక గంట, స్కాలర్‌షిప్ వచ్చే ఆ కొన్ని సంవత్సరాలు. వీటికి మించి మనకు ఎవరూ ఇవ్వరు. చాలామంది ఇళ్ళలో అమ్మానాన్నలు కూలి డబ్బుల్లోంచి పంపేదానికి కూడా గడువు ఉంటుంది. ఇంకో రెండేళ్ళు చూస్తాం అంటారు, మూడో ఏడు అనలేరు.

ఇక్కడ ఆటకూ మనకూ ఉన్న తేడాలు కూడా దాచకుండా చెప్పాలి. ఆటలో అదృష్టాన్ని 1 దగ్గరే వదిలేసి వీరుడు కావచ్చు. పదో తరగతిలో ఆరు సబ్జెక్టుల్లో లెక్కల్ని అలా వదిలేస్తే సర్టిఫికెట్ రాదు. కాబట్టి పదో తరగతి తమ్ముళ్ళకు నేను చెప్పేది వేరు. మీకు మెట్టు పాస్ మార్కు. ఏ సబ్జెక్టు ఆ మెట్టుకు కింద ఉందో ముందు అక్కడ పాయింట్లు పోయండి. అక్కడ మెట్టు చవక కూడా. ఇరవై మార్కుల దగ్గర ఉన్నవాడు నలభైకి రావడానికి పట్టే శ్రమ, ఎనభై ఐదు దగ్గర ఉన్నవాడు తొంభై ఐదుకు పోవడానికి పట్టే శ్రమ కంటే చాలాసార్లు తక్కువే ఉంటుంది. కానీ మనవాళ్ళు చేసేది తలకిందులు. తెలుగు బాగా వచ్చినవాడు తెలుగే చదువుతాడు. లెక్కలు వచ్చినవాడు లెక్కలే చేస్తాడు. వచ్చింది చదవడం హాయిగా ఉంటుంది మరి!

ఇంటర్, డిగ్రీ దాటిన తర్వాత కథ మారుతుంది. అక్కడ సమానంగా పంచేవాడు మొదటి వీరుడిలా మిగిలిపోతాడు. గ్రూప్స్‌కు ఒక కోచింగ్, బ్యాంకు పరీక్షకు ఒక పుస్తకం, డీఎస్సీకి ఒక అప్లికేషన్, పక్కన కంప్యూటర్ కోర్సు. అన్నీ 52 దగ్గర ఆగుతాయి, ఉద్యోగం ఇచ్చేవాడికి కావలసింది 80. అలాగని రెండో వీరుడి దారీ మేలు కాదు. సబ్జెక్టులో గోల్డ్ మెడల్ తెచ్చుకుని, ఇంటర్వ్యూలో నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడలేక వెనక్కి వచ్చినవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో లేరా? బలం 99, గురి 9. దెబ్బ తగల్లేదు. ఒక ప్రధాన గుణం, దానికి తోడుగా ఒకటి, అవి పనిచేయడానికి సరిపడా మూడోది. మూడో వీరుడి పద్ధతి ఇదే. మనలో ఎక్కువమందికి ఆ మూడోది ఇంగ్లీషులో మాట్లాడటం. దాన్ని 99 చేయనక్కర్లేదు. 50 చేస్తే చాలు, ఉన్న బలం కూడా పెరిగినట్టు కనిపిస్తుంది.

మన హాస్టల్ హాల్లో రోజూ చూసే ఫోటోలోని మహనీయుడి చదువునే చూడండి. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆయన అక్కడ చాలా విషయాలు చదివారు, కానీ ప్రధాన గుణం అర్థశాస్త్రం. తోడు గుణం న్యాయశాస్త్రం. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. 1920లో మళ్ళీ వెళ్ళి ఆ రెండింటినే పూర్తి చేశారు, 1923లో లండన్‌లో డీఎస్సీ అందుకున్నారు. మధ్యలో ఆగినా దారి మార్చలేదు.

రీసెట్ ఖరీదు

పాత రోజుల్లో రాగ్నరాక్‌లో ఒకసారి పెట్టిన పాయింటును వెనక్కి తీసుకోవడం దాదాపు కుదిరేది కాదు. తర్వాత రీసెట్ సదుపాయాలు వచ్చినా చాలా చోట్ల అవి డబ్బుతో ముడిపడ్డాయి. జీవితంలోనూ అంతే. డబ్బున్న ఇంట్లో పిల్లవాడు ఇంజినీరింగు రెండో ఏడు మానేసి వేరే కోర్సులో చేరతాడు, ఒక సంవత్సరం లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటాడు. అది రీసెట్. మన ఇళ్ళలో ఆ ఒక్క సంవత్సరం ఖరీదు చెల్లి చదువు కావచ్చు, నాన్న చేసిన అప్పు మీద వడ్డీ కావచ్చు. అందుకే మనం మొదటిసారే కొంచెం ఆలోచించి పెట్టాలి. రీసెట్ కొనగలిగినవాడు చేసే ప్రయోగాలు చూసి మనం చేయకూడదు.

ఆటలో ఇంకో విశేషం ఉంది. 99వ లెవెల్ ముగించినవాడు జూనో నగరం మీదుగా పోయి పునర్జన్మ ఎత్తుతాడు. అలా మళ్ళీ పుట్టినవాడికి మొదటి 48 బదులు 100 పాయింట్లు ఇస్తారు. మన క్లాసులో డాక్టరు గారి అబ్బాయి, లెక్చరర్ గారి అమ్మాయి అలా పునర్జన్మ ఎత్తినవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు ఒకసారి ఆట ముగించారు. మన ఇళ్ళలో మనమే మొదటి జన్మ. మా ఇంట్లో డిగ్రీ పాసయింది నేనే మొదటివాణ్ణి కాబట్టి ఈ 48 సంగతి నాకు బాగా తెలుసు. మొదటి రోజు చూస్తే వాడిది మనకు రెండింతలకు పైన. కానీ 99వ లెవెల్ దగ్గర చూడండి. వాడివి 1325, మనవి 1273. తేడా అదే 52, అప్పటికి అది నాలుగు శాతం. అయితే ఆట నియమం ప్రకారం ఆ తర్వాత ప్రతి లెవెల్‌కూ ఇద్దరికీ ఇచ్చేది సమానం కాబట్టి తేడా అంత చిన్నదైంది. బయట లోకంలో అలా సమానంగా ఇవ్వరు. స్కాలర్‌షిప్పులూ, హాస్టళ్ళూ, రిజర్వేషన్లూ ఉన్నది ఆ సమానాన్ని కొంతైనా తేవడానికే. వాటిని ఎవరైనా దానం అంటే తలవంచుకోకండి. ఆట నడవడానికి కావలసిన నియమం అని చెప్పండి.

ఆడమంటున్నానా?

లేదు. ఈ ఆటలో 99వ లెవెల్ చేరడానికి నెలలు పడుతుంది. ఆ గంటలు కూడా మన పాయింట్లలోంచే పోతాయి. స్టడీ అవర్‌లో దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని ఆడేవాడు తన పాత్రకు పాయింట్లు పోసి తనకు తాను తీసేసుకుంటున్నాడు. కానీ ఆడేవాణ్ణి చెడిపోయినవాడు అని తిట్టడం కూడా నాకు నచ్చదు. పాత్రకు ఏ గుణం ఎంత పెట్టాలో కాగితం మీద గంటసేపు లెక్క వేసే తమ్ముడికి లెక్కలు రావని ఎవరన్నారు? ఆ కాగితమే ఒకసారి తన టైంటేబుల్ మీద వేయమని చెబితే సరిపోతుంది.

పెద్దలకు ఒక విన్నపం

చివరిగా పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మాట. ఈ ఆటలో కొత్తగా వచ్చినవాడు పూర్తిగా చీకట్లో ఉండడు. ముందు ఆడినవాళ్ళు ఏ వృత్తికి ఏ గుణం ఎంత పెట్టాలో, ఎక్కడ ఆపాలో లెక్కలతో సహా రాసి పెట్టారు. ఎవరూ డబ్బు తీసుకోలేదు. ఆటగాళ్ళు దాన్ని బిల్డ్ అంటారు. ముక్కూమొహం తెలియనివాడి కోసం వాళ్ళు అంత చేశారు. మరి ఒకే మెస్‌లో ఒకే సాంబారు తిన్నవాళ్ళం మనం ఏం చేస్తున్నాం? వార్షికోత్సవానికి వచ్చి, వేదిక మీద "కష్టపడండి, పైకి రండి" అని చెప్పి, భోజనం చేసి వెళ్ళిపోతున్నాం. కష్టపడటం మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఎక్కడ కష్టపడాలో చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు, ఆ లోటు మనమే తీర్చాలి.

నా ప్రతిపాదన ఇది. హాస్టల్ లైబ్రరీలో ఒక పెద్ద నోట్‌బుక్ పెడదాం. వచ్చిన ప్రతి పూర్వ విద్యార్థీ ఒక్క పేజీ రాయాలి. ఏ కోర్సు చదివారు, ఎన్నేళ్ళు పట్టింది, మొత్తం ఎంత ఖర్చయింది, ఏ స్కాలర్‌షిప్ ఏ నెలలో చేతికి వచ్చింది, ఏ సబ్జెక్టు నిజంగా ఉపయోగపడింది, ఏది ఎంతవరకు చదివితే చాలు, ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారు. పొగడ్తలు వద్దు, నీతులు వద్దు, అంకెలు రాయండి. పోలీసు కానిస్టేబుల్ అయిన అన్న, నర్సు అయిన అక్క, టీచర్ అయిన అన్న, ఐటీఐ చేసి ఫ్యాక్టరీలో ఉన్న అన్న, అందరూ రాయాలి. కలెక్టర్ అయినవాళ్ళు రాస్తేనే విలువ అనుకోకండి. పదో తరగతి పిల్లవాడికి ఐదారు దారులు అంకెలతో సహా కనబడాలి.

మొదటి పేజీ నాది. ఎం.ఏ. ఎకనామిక్స్‌కు అయిన ఖర్చు, పట్టిన కాలం, ఇప్పుడు ముందున్న దారులు అన్నీ రాసి ఈ వార్షికోత్సవం నాడే వార్డెన్ గారికి ఇస్తాను. రెండో పేజీ ఎవరిదో చెప్పండి.

జై భీమ్.